ఆయాసం రద్దు

ఆయాసం రద్దయింది. సోమవారం ఉదయం విలేకరుల సమావేశంలో ఆరోగ్య మంత్రిగారు స్వయంగా ఆ సంగతి ప్రకటించారు. అరవై దాటిన ఏ పౌరుడూ ఇకమీదట మెట్లెక్కినా, సంచి మోసినా, గట్టిగా నవ్వినా రొప్పనక్కర్లేదనీ, పెద్దవాళ్ళు రొప్పుతుంటే తమ ప్రభుత్వం చూస్తూ ఊరుకోదనీ చెప్పారు. దీనికి 'ఆయాస నిర్మూలన మిషన్' అని పేరు పెట్టారు. ఒక విలేకరి లేచి, "ఎలా నిర్మూలిస్తారండీ?" అని అడిగాడు.

"ఊపిరితో," అన్నారు మంత్రిగారు.

విలేకరి కూర్చున్నాడు. అడిగిన ప్రశ్నకి ఒక్క మాటలో జవాబు చెప్పే మంత్రి దొరకడం మనం చేసుకున్న పుణ్యం.

నాకు మంత్రిగారంటే మొదట్నుంచీ గౌరవమే. నాది ఫ్లెక్సీ బోర్డులు ప్రింటు చేసే షాపు. ఆయన ముఖాన్ని వాళ్ళింట్లోవాళ్ళు కూడా నేను చూసినంత దగ్గరగా చూసి ఉండరు. పెద్ద సైజు బోర్డు మీద ఆయన ముక్కు ఒక్కటే నా అంత ఉంటుంది. కంప్యూటర్లో ఆయన కళ్ళకింద సంచులు తీసేసేదీ, గడ్డాన్ని మెడనుంచి విడదీసేదీ, పొట్ట సగం కోసేసి ఆ జాగాలో నినాదం పెట్టేదీ నేనే. ఆ మధ్యాహ్నానికే మిషన్ బోర్డుల ఆర్డరు మా షాపుకి వచ్చేసింది. 'ఆయాసం లేని సమాజం - అదే మా ఆశయం' అని రాయించారు. మెషీను ఆన్ చేస్తే ఆ ఇంకు వాసన మేడమీదికి వెళ్ళింది. మేడమీద మా మామగారు దగ్గడం మొదలుపెట్టారు.

మా ఇంట్లో ఆయాసం ఉంది. అది ఆయనదే. మామగారు జన్మంతా పిండిమర ఆడించారు. ఊళ్ళోవాళ్ళ పిండి ఊళ్ళోవాళ్ళకి పోగా, మిగిలిందంతా ఆయన ఊపిరితిత్తుల్లో ఉండిపోయిందని డాక్టరు చెప్పాడు. మర అమ్మేశాక మా దగ్గరికి వచ్చేశారు. నిలబడితే బాగానే ఉంటారు. కూర్చుంటే ఇంకా బాగుంటారు. చేతులు తలమీదికి ఎత్తితే మాత్రం ఊపిరి ఆడదు. తలమీదికి చేతులెత్తకుండా స్నానం చేసే పద్ధతి ఇంకా ఎవరూ కనిపెట్టలేదు కనక, ఆయనకి రోజూ స్నానం నేను చేయిస్తాను.

కూతురి చేత చేయించుకోవడం ఆయనకి నామోషీ. అల్లుడి చేత చేయించుకోవడం అంతకంటే నామోషీ. ఏదో ఒక నామోషీ తప్పదన్నప్పుడు, మగవాళ్ళం మగవాళ్ళం తలుపు మూసుకోవచ్చు కదా అని రెండోదానికి ఒప్పుకున్నారు. ఆ స్నానాల గదిలో మేమిద్దరం మాట్లాడుకునేంత మర్యాదగా ఏ రాయబారులూ మాట్లాడుకోరు.

"చెయ్యి కొంచెం ఎత్తుతారా మామయ్యగారూ?"

"ఎత్తుతానండి అల్లుడుగారూ. మీకు శ్రమ."

"అబ్బే, శ్రమేముందండీ."

"బస్తా ఎత్తి భుజాన వేసుకుని మెట్లెక్కేవాణ్ణండీ ఈ చేత్తో. ఇప్పుడు మగ్గు లేవడం లేదు." కాసేపు ఆగి, ఊపిరి కూడదీసుకుని అనేవారు, "నాకింకేం కోరికల్లేవు. పోయేలోగా నా స్నానం నేనే చేసుకోవాలి. ఒక్కసారికి కాదు, రోజూ."

అందుకే ఆయన్ని ప్రభుత్వాసుపత్రిలో ఊపిరి క్లాసుకి తీసుకెళ్ళడం మొదలుపెట్టాను. కింది అంతస్తులో, వరండా చివర ఒక గది. ఫిజియోథెరపిస్టు చిన్నమ్మాయి. వయసు మీద పడిన వాళ్ళందరూ ఆవిణ్ణి టీచరమ్మా అని పిలిచేవారు, భయపడేవారు కూడా. ముక్కుతో పీల్చి, మూతి సున్నాలా చుట్టి, వేడి టీ ఊదినంత మెల్లగా వదలాలి. పీల్చినదానికంటే వదలడం నెమ్మదిగా సాగాలి. సీసాలో నీళ్ళు పోసి, గొట్టం పెట్టి బుడగలు తెప్పించాలి. బరువెత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు, వదలాలి. ఆ తర్వాత వరండాలో నడక.

నడకకి టీచరమ్మ ఒక రూలు పెట్టింది. ఒకరు ఆగితే అందరూ ఆగాలి. ఆగినవాళ్ళని ఎవరూ పలకరించకూడదు. "ఏమైంది?" అని అడిగితే జవాబు చెప్పడానికి ఊపిరి కావాలి, ఆ ఊపిరి లేకే కదా ఆగింది. "అయ్యో పాపం" అన్నవాళ్ళని ఆ పూటకి ఇంటికి పంపించేసేది. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్‌గారు ఒకావిడ ఉండేవారు. జీవితమంతా పిల్లల నోరు మూయించిన మనిషి, అలా వరసలో ఆగి నోరు మూసుకుని గోడవైపు చూస్తూ నిలబడ్డం చూస్తే ముచ్చటేసేది. మా మామగారికి టైలరుగారు ఒకాయన జతకుదిరాడు. ఇద్దరూ మాట్లాడుకోకుండానే ప్రాణ స్నేహితులైపోయారు.

మామగారికి గుణం కనబడింది. ముందు ఛాతీ తనే రుద్దుకున్నారు. తర్వాత భుజాలమీద తనే పోసుకున్నారు. ఇంక తల ఒక్కటే మిగిలింది. "కోర్సు అయ్యేసరికి తల కూడా అయిపోతుంది తాతగారూ, నాదీ పూచీ," అంది టీచరమ్మ. ఆ రోజు మామగారు ఆటోలో దారిపొడుగునా ఈలవేయబోయి మానుకున్నారు.

సరిగ్గా అప్పుడు మిషన్ వచ్చింది.

మిషన్‌ని వెంటబెట్టుకుని వచ్చినవాడు పార్టీ కార్యకర్త. ఆయన్ని అందరూ మైకుగారు అంటారు. మైకు ఉన్నా లేకపోయినా ఉన్నట్టే మాట్లాడతాడు. పక్కన సూపరింటెండెంటుగారు. పెద్దవాళ్ళు కుర్చీల్లో కూర్చుని ఊదుతున్నారు. మైకుగారు తలుపు దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు.

"వీళ్ళేం చేస్తున్నారు?"

"ఊపిరి వదుల్తున్నారు," అంది టీచరమ్మ.

"అంతకుముందు?"

"పీల్చుకున్నారు."

"తర్వాత?"

"మళ్ళీ పీల్చుకుంటారు."

మైకుగారు సూపరింటెండెంటుగారి వైపు తిరిగి నిట్టూర్చాడు. టీచరమ్మ ఆ నిట్టూర్పు పొట్టిగా ఉందని గమనించింది.

"ఊపిరితో వచ్చిన చిక్కే ఇది సార్," అన్నాడు మైకుగారు. "కనబడదు. రోడ్డేస్తే కనబడుద్ది. ట్యాంకు కడితే కనబడుద్ది. దీన్ని కెమెరాకి ఏమని చూపిస్తాం? ముసలాళ్ళు ఊరికే కూర్చున్నారనుకుంటారు."

"నిజమే," అన్నారు సూపరింటెండెంటుగారు. పై నుంచి వచ్చిన ఏ మాటకైనా ఆయన దగ్గర ఉన్న జవాబు అదొక్కటే. దాంతోనే ఆయన ఇంతవాడయ్యారు.

మైకుగారు గదిలో అటూ ఇటూ పచార్లు చేసి, ఉన్నట్టుండి ఆగాడు. రూలు ప్రకారం పెద్దవాళ్ళందరూ ఊదడం ఆపారు. ఆయనకొక ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన పుట్టగా నేను కళ్ళారా చూశాను, అది నా అదృష్టం. మామూలు మంత్రులు శిలాఫలకం మీది తెరని తాడు లాగి తీస్తారు. మన మంత్రిగారు తీయరు. పెద్దవాళ్ళు ఎదురుగా నిలబడి ఊదుతారు. ఆ ఊపిరికి తెర తొలగిపోతుంది. కింద మంత్రిగారి పేరు మెరుస్తుంది.

"గట్టిగా ఊదకూడదు సార్ వీళ్ళు," అంది టీచరమ్మ. "గట్టిగా ఊదితే లోపల గొట్టాలు మూసుకుపోతాయి. మెల్లగా ఊదడమే వైద్యం."

"మెల్లగా ఊదితే తెర కదలదు కదమ్మా."

"తెర కదలక్కర్లేదు సార్."

"తెర కదలకపోతే మిషన్ ఎలా మొదలవుద్ది?"

"నిజమే," అన్నారు సూపరింటెండెంటుగారు.

మర్నాటి నుంచి పనులు జోరందుకున్నాయి. మంత్రిగారు అడుగుపెట్టే గది కాబట్టి క్లాసు గదికి రంగులు వేయడం మొదలుపెట్టారు. రంగు వాసనకి పెద్దవాళ్ళు గదిలో కూర్చోలేకపోయారు. వరండాలో కూర్చుంటే అక్కడ పాత పెచ్చులు గీకుతున్నారు. ఆ దుమ్ముకి టైలరుగారు దగ్గి దగ్గి సోలిపోయారు. చివరికి, ఆయాస నిర్మూలన మిషన్ సవ్యంగా మొదలయ్యేదాకా ఊపిరి క్లాసు నిలిపివేయడమైనదని తలుపుకి నోటీసు అంటించారు. క్లాసు లేదు గానీ హాజరు తప్పదు. శిలాఫలకం పెట్టిన రెండో అంతస్తు హాల్లో రోజూ తెర ఊదే రిహార్సల్.

మొదట ఎర్ర వెల్వెట్ తెర కట్టారు. పెద్దవాళ్ళు వరసగా నిలబడి ఊదారు. వెల్వెట్ ఆ సంగతి పట్టించుకోలేదు.

"ఇంకా గట్టిగా!" అన్నాడు మైకుగారు. "ప్రతిపక్షం మీద కోపం లేదా మీకు? ఆ కోపం చూపించండి!"

"ఎవరి మీద కోపం ఉంటే వాళ్ళ మీద ఊదొచ్చా?" అని అడిగారు హెడ్‌మిస్ట్రెస్‌గారు. ఆవిణ్ణి వెనక వరసలోకి మార్చారు.

వెల్వెట్ తీసి సాదా గుడ్డ కట్టారు. సాదా గుడ్డ తీసి పల్చటి పట్టు కట్టారు. పట్టు అంచు కొంచెం వణికినట్టు మైకుగారికి అనిపించింది, మిగతావాళ్ళకి అనిపించలేదు. ఆఖరికి సభలకి వాడే పెద్ద ఫ్యాను ఒకటి తెప్పించి, పూలకుండీల వెనక దాచారు. పెద్దవాళ్ళు ఊదినట్టు చప్పుడు వినబడగానే ఎలక్ట్రీషియన్ స్విచ్చు వేయాలి. దీన్ని ఆర్డర్లలో 'ఊపిరికి సాంకేతిక మద్దతు' అన్నారు.

ఇంట్లో మామగారు వెనక్కి వెళ్ళిపోయారు. ముందు తలమీద ఆశ పోయింది. తర్వాత భుజాలు పోయాయి. ఒకరోజు ఛాతీ రుద్దుకోబోయి, సబ్బు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయారు. నేను పలకరించలేదు. రూలు నాకూ తెలుసు. చాలాసేపటికి ఆ సబ్బు నా చేతిలో పెట్టారు.

"మీకు మళ్ళీ శ్రమ వచ్చిందండీ అల్లుడుగారూ."

ఆయన వీపు రుద్దుతూ, "మిషన్ మొదలైతే మళ్ళీ క్లాసు పెడతారు లెండి," అన్నాను. కింద షాపులో మెషీను మంత్రిగారి రెండో చెవి ప్రింటు చేస్తోంది.

ప్రారంభోత్సవం నాడు లిఫ్టు పొద్దున్నే మంత్రిగారి కోసం ఆపేశారు. దాని ముందు ఇద్దరు పోలీసుల్ని నిలబెట్టారు. కాబట్టి పెద్దవాళ్ళు మెట్లెక్కారు. టీచరమ్మ వాళ్ళ వెనకే ఉంది. ఒక మెట్టు, ఒక ఊపిరి. ఒకరు ఆగితే అందరూ ఆగారు. వాళ్ళు మధ్యలో ఉండగానే కింద కార్లు వచ్చాయి.

మంత్రిగారు లిఫ్టు వైపు నడుస్తుండగా మైకుగారు చెవిలో ఏదో చెప్పాడు. ఆయాసం రద్దు చేసిన మనిషి లిఫ్టెక్కితే టీవీలో బాగుండదని. మంత్రిగారికి అది నచ్చింది. లిఫ్టులో పూలగుత్తులు వెళ్ళాయి. మంత్రిగారు కెమెరాలకి చెయ్యి ఊపి మెట్లెక్కారు. నేను నా బోర్డుల్లో సగం కోసేసే పొట్ట ఆయనతో పూర్తిగా వచ్చింది.

మొదటి మలుపు దగ్గర పెద్దవాళ్ళని కలుసుకున్నారు. అక్కడ ఆగిపోయారు.

ముఖం నేరేడుపండు రంగుకి వచ్చింది. నోరు తెరిచారు గానీ మాట రాలేదు. రూలు ప్రకారం పెద్దవాళ్ళందరూ ఆగారు. ఎవరూ పలకరించలేదు. ఎవరూ అయ్యో అనలేదు. అందరూ మర్యాదగా గోడవైపు తిరిగారు. టీచరమ్మ జనాన్ని తోసుకుని వచ్చి, మంత్రిగారిని మెట్టుమీద కూర్చోబెట్టి, మోచేతులు మోకాళ్ళమీద పెట్టించింది.

"మాట్లాడకండి," అంది.

ఆయన్ని ఆ మాట అన్న మనిషి ఆయన రాజకీయ జీవితంలో లేదు. బిత్తరపోయి మాట్లాడలేదు.

"ముక్కుతో పీల్చండి. ఇప్పుడు టీ ఊదినట్టు వదలండి. మెల్లగా. టీ ఒలకకూడదు."

మంత్రిగారు ఊదారు. వెనకున్న ఆఫీసర్లకి కంగారు పట్టుకుంది. మంత్రిగారు కూర్చుని ఊదుతుంటే తాము నిలబడి ఉండడం ఏ సర్వీసు రూల్సు ఒప్పుకుంటాయి? పెద్ద ఆఫీసరుగారు గబుక్కున కూర్చుని, మోచేతులు మోకాళ్ళమీద పెట్టి ఊదారు. ఆయన కింద ఆఫీసరు ఆయన కింది మెట్టు మీద కూర్చుని ఊదాడు. హోదా ప్రకారం కింది అంతస్తు దాకా మెట్లు నిండిపోయాయి. చివర పోలీసులు టోపీలు తీసి ఊదారు. మైకుగారు ఊదుతూనే కెమెరాలకి చెప్పాడు, "మంత్రిగారు ప్రజల మధ్య కూర్చుని, వ్యాయామం ఎలా చెయ్యాలో స్వయంగా చేసి చూపిస్తున్నారు!"

అంతమంది ఒక్కసారి ఊదితే ఆ చప్పుడు రెండో అంతస్తు దాకా వినబడింది. ఎలక్ట్రీషియన్ స్విచ్చు వేసేశాడు. పట్టు తెర లేచిపోయి, అక్కడ కత్తెరా పళ్ళెమూ పట్టుకుని నిలబడ్డ సూపరింటెండెంటుగారి తలమీద పడింది. శిలాఫలకం దానంతటది బయటపడింది. మంత్రిగారు తేరుకుని పైకి వచ్చేసరికి, ప్రారంభించడానికి ఏమీ మిగల్లేదు.

"మంత్రిగారు కింద మెట్లమీద ఊదితే ఆ ఊపిరి ఇక్కడ పనిచేసింది!" అన్నాడు మైకుగారు.

"నిజమే," అన్నారు సూపరింటెండెంటుగారు, తెర లోపలి నుంచి.

మర్నాడు పేపర్లలో మంత్రిగారు మెట్టుమీద కూర్చుని ఊదుతున్న ఫోటో. నేను దాన్ని పెద్ద సైజులో ప్రింటు కొట్టాను. ఆ ఒక్కసారే ఆయన ముఖానికి నేనేమీ చెయ్యలేదు, అంత నిజంగా ఉంది.

ఆ మర్నాడు మామగారూ నేనూ క్లాసుకి వెళితే గదికి తాళం. కొత్త రంగు పాడవకుండా వేశారట. టీచరమ్మని ప్రత్యేక విధులమీద మంత్రిగారి బంగళాకి పంపారట. హెడ్‌మిస్ట్రెస్‌గారు, టైలరుగారు అప్పటికే అక్కడున్నారు. అందరం కలిసి సూపరింటెండెంటుగారి గదికి వెళ్ళాం.

"క్లాసు ఎప్పుడు మొదలవుతుందండీ?" అని అడిగారు మామగారు.

"క్లాసు ఇప్పుడు మిషన్ కిందికి వచ్చింది. మిషన్‌ని అడగాలి."

"మిషన్ ఎక్కడుంటుందండీ?"

ఆయన కాసేపు ఆలోచించి, "మీరే కదా ప్రారంభించింది," అన్నారు.

బంగళా గేటు దగ్గర మమ్మల్ని ఆపేశారు. ఊచల్లోంచి పచ్చిక కనబడుతోంది. మంత్రిగారు, ఆయన బావమరిది, పెద్ద ఆఫీసరుగారు కుర్చీల్లో కూర్చుని సీసాల్లో బుడగలు తెప్పిస్తున్నారు. అవి మా క్లాసు సీసాలే. టీచరమ్మ మమ్మల్ని చూసింది. రాలేదు, రావడానికి లేదు కాబోలు. ఉన్నచోటు నుంచే గొంతెత్తి, "తాతగారూ! మగ్గు ఎత్తేటప్పుడు వదలండి! బిగబట్టకండి!" అని అరిచింది. మంత్రిగారు తననే అన్నదనుకుని గబుక్కున వదిలారు. వారం తిరక్కుండానే మంత్రిగారు చాలా ఏళ్ళకి తన బూట్ల లేసులు తనే కట్టుకున్నారని పేపర్లో వచ్చింది. నాకు సంతోషం కలిగింది. మామగారికి కూడా కలిగింది, కానీ ఆయన పేపరు మడిచి పక్కన పెట్టేశారు.

మైకుగారే మా షాపుకి వచ్చి, నా వెంట మేడమీదికి మామగారి దగ్గరికి ఎక్కాడు. మిషన్‌కి టీవీ ప్రకటన కావాలట.

"ముందూ తర్వాతా చూపించాలండీ. ముందు ఆయాసం, తర్వాత ఆనందం. 'ముందు'లు బోలెడంతమంది ఉన్నారు. 'తర్వాత' ఒక్కడూ దొరకడం లేదు. మీ మామగారు అనుకున్నాం. 'నా స్నానం నేనే చేసుకుంటున్నాను' అని ఒక్క ముక్క చెప్పి, రెండు మగ్గులు పోసుకుంటే చాలు."

"నేను చేసుకోవడం లేదండీ," అన్నారు మామగారు.

"అందుకే యాడ్ అంటారు పెద్దాయనా."

మామగారు ఆలోచించారు. మరలో ఉన్నప్పుడు ఆయన తూకం దగ్గర పూచికపుల్లంత తేడా రానిచ్చేవారు కాదట, మా ఆవిడ చెప్పేది. అలాంటి మనిషి తలెత్తి అడిగారు, "చేస్తే టీచరమ్మని పంపిస్తారా?"

"మర్నాడే."

"మాటేనా?"

"నాది కాదు, మంత్రిగారి మాట!"

"అయితే చేస్తానండీ," అన్నారు మామగారు.

షూటింగ్ ఎక్కడో కాదు, మా క్లాసు గదిలోనే. తాళం తీశారు. లోపల అట్టతో, టైల్సు కాగితంతో స్నానాల గది కట్టారు. మామగారికి తోడుగా హెడ్‌మిస్ట్రెస్‌గారూ టైలరుగారూ వచ్చారు. డైరెక్టరు కుర్రాడు మంచివాడు, పెద్దాయనా పెద్దాయనా అంటూ తిరిగాడు. కెమెరా తిరగ్గానే మామగారు మగ్గు ముంచి ఎత్తారు. ఛాతీ దాకా వచ్చి చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ ఎత్తారు. మళ్ళీ ఆగింది. మూడోసారికి మగ్గు జారి బక్కెట్లో పడింది. ఆయన కళ్ళు నేలకేసి ఉన్నాయి.

నేను కెమెరాకి కనబడకుండా బక్కెట్టు చాటున నేలమీద పడుకున్నాను. ఆయన మోచేతి కింద నా చెయ్యి పెట్టాను. ప్లాస్టిక్ పరదా వెనక నిలబడి టైలరుగారు ఆయన నడుము పట్టుకున్నారు. టైలరుగారికి అంత ఊపిరి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. లైటు పక్కన హెడ్‌మిస్ట్రెస్‌గారు నిలబడి, ఒకప్పుడు పిల్లల చేత డ్రిల్లు చేయించిన గొంతుతో, "పీల్చండి... వదలండి... ఎత్తండి!" అన్నారు. నేను తోశాను. మగ్గు తలమీదికి వెళ్ళింది. నీళ్ళు పడ్డాయి. సగం ఆయన మీద, సగం నా మీద.

"నవ్వండి పెద్దాయనా!"

మామగారు నవ్వారు. డైలాగు చెప్పడానికి ఊపిరి చాల్లేదు. ఫరవాలేదన్నారు, తర్వాత గొంతు మైకుగారు పెడతాడట.

ప్రకటన బాగా వచ్చిందని అందరూ మెచ్చుకున్నారు. టీవీలో పొద్దున్నా సాయంత్రమూ వేశారు. బోర్డులు కూడా పెట్టాలన్నారు, ఆ ఫోటో నాకే పంపారు. ఒక మూల, ఆయన మోచేతి కింద, నా చిటికెన వేలు కనబడుతోంది. దాన్ని నేనే చెరిపాను.

మర్నాడు టీచరమ్మ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మామగారిని వెంటబెట్టుకుని పార్టీ ఆఫీసుకి వెళ్ళాను. మైకుగారు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు, అందరికీ పరిచయం చేశాడు, కుర్చీ వేశాడు.

"టీచరమ్మ సంగతి..." అన్నారు మామగారు.

"ఎందుకండీ టీచరమ్మ?"

"క్లాసుకి."

"క్లాసెందుకు? మీకు నయమైపోయింది కదా."

"నాకు నయం కాలేదండీ. మీకు తెలుసు కదా."

మైకుగారి ముఖం నిజంగానే నొచ్చుకుంది. "పెద్దాయనా, దేశమంతా చూసింది. మీరు తలమీద నీళ్ళు పోసుకున్నారు, నవ్వారు. ఇప్పుడు నయం కాలేదంటే అబద్ధం చెప్పింది ఎవరు? మంత్రిగారు కాదు, ఆయన యాడ్‌లో లేరు. నేను కాదు, నేను కనబడలేదు. మీరొక్కరే ఉన్నారు." గొంతు తగ్గించాడు, జీవితంలో మొదటిసారేమో. "నయమైనవాళ్ళకి క్లాసులు పెడితే ప్రజల డబ్బు దుబారా అంటారండీ. ప్రతిపక్షం ఊరుకోదు."

మామగారు ఏదో చెప్పబోయారు. ఊపిరి అందలేదు. నేను ఆగాను. గోడవైపు చూశాను. అక్కడ మైకుగారు మాత్రం ఆగలేదు, "ఏమైందండీ? అయ్యో! నీళ్ళు తెప్పించమంటారా?" అని అడుగుతూనే ఉన్నాడు. ఆయన మంచి మనసుకి అది నిదర్శనం.

ఆ సాయంత్రం ఇంట్లో టీవీ పెట్టేసరికి ఆ ప్రకటనే వస్తోంది. మా ఆవిడ ఆపబోతే మామగారు చేత్తో వద్దన్నారు. తెరమీద ఆయన మగ్గు ముంచారు. ఎత్తారు. తలమీదినుంచి నీళ్ళు జారాయి. వెలుగులో ఆ నీళ్ళు బలే మెరిశాయి. మైకుగారి గొంతు ఖంగున మోగింది, "నా స్నానం నేనే చేసుకుంటున్నాను!"

అయిపోయేదాకా మామగారు కళ్ళార్పలేదు. తర్వాత మూతి సున్నాలా చుట్టి, మెల్లగా, టీ ఒలక్కుండా వదిలారు.

"అందులో బాగానే చేసుకుంటున్నాను కదండీ అల్లుడుగారూ?"

"చాలా బాగా చేసుకుంటున్నారు మామయ్యగారూ."

"ఎవరూ పట్టుకున్నట్టే లేదు."

"లేదండీ."

ఆయన నా భుజంమీద చెయ్యి వేసి, కుర్చీలోంచి లేచారు.

"పదండి మరి. నీళ్ళు చల్లారిపోతాయి."